చక్రం తిప్పితే వచ్చిన ఇంటిపేరు: ఎస్పోసితో

(ఒక గ్రంథాలయం నెలవారీ సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

నాకు అప్పగించిన అంశం ఇటలీ ఇంటిపేర్లు. దాని మీద గంటసేపు మాట్లాడితే మీరు యాభై పేర్లు వింటారు, ఇంటికి వెళ్లేసరికి ఒక్కటీ గుర్తుండదు. అందుకని అధ్యక్షుల అనుమతితో అంశాన్ని బాగా కుదించుకున్నాను. ఒకే ఒక్క ఇంటిపేరు గురించి చెబుతాను. ఎస్పోసితో.

ముందు పలకడం సంగతి తేల్చేద్దాం. 'పో' మీద బరువు వేసి మిగతా అక్షరాలను తేలిగ్గా వదిలేయాలి. నేపుల్స్ వైపు 'సి' అని స్పష్టంగా అంటారు, ఉత్తరాన అది 'జి'కి దగ్గరగా వినిపిస్తుంది. అమెరికా వెళ్లి స్థిరపడిన వాళ్లు 'ఎస్పొసీటో' అని సాగదీస్తారు. ఇటలీ నుంచి వచ్చినవాళ్లు దీన్ని వింటే కొంచెం ముఖం చిట్లిస్తారు, ఆ తర్వాత అలవాటు పడిపోతారు.

ఇటలీలో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్ల జాబితా చూస్తే పైవరసలో కనిపించేవి రోస్సి, రూస్సో, ఫెర్రారి, ఎస్పోసితో, బియాంకి. రోస్సి, రూస్సో అంటే ఎర్రటివాడని. పూర్వికుడి జుట్టో, గడ్డమో ఎర్రగా ఉండి ఉంటుంది. బియాంకి అంటే తెల్లనివాడు. ఫెర్రారి కమ్మరి. కార్ల పేరుగా మనకు పరిచయమైన ఆ మాట వెనక ఉన్నది కొలిమే. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లు, కొన్ని వృత్తుల పేర్లు. కాబట్టి ఈ పద్ధతి మనకేమీ వింతగా అనిపించదు. ఈ నాలుగు పేర్లూ పూర్వికుడు ఎలా ఉండేవాడో, ఏం చేసేవాడో చెబుతాయి. ఎస్పోసితో ఆ రెండూ చెప్పదు. పుట్టిన కొన్ని గంటలకో, కొన్ని రోజులకో అతనికి ఏం జరిగిందో చెబుతుంది. లాటిన్‌లో 'ఎక్స్‌పోజితుస్' అంటే బయట పెట్టినవాడు. కన్నవాళ్లు వదిలిపెట్టిన శిశువు. మాట గురించి ఇంతే, ఇక మనుషుల దగ్గరికి వెళదాం.

నేపుల్స్ పాత నగరంలో ఫోర్చెల్లా అనే పేట ఉంది. ఇరుకు సందులు, బాల్కనీల మధ్య ఆరేసిన బట్టలు, దుకాణాల సందడి. అక్కడే అనున్‌చియాతా సంస్థ ఉంది. దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన ఘట్టం పేరు మీద 14వ శతాబ్దంలో ఏర్పడిన ధర్మసంస్థ అది. చర్చి, ఆసుపత్రి, శిశువుల ఆశ్రమం అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. రాజులు, ధనవంతులు రాసిచ్చిన ఆస్తులతో అది ఎంత సంపన్నమైందంటే సొంతంగా ఒక బ్యాంకు కూడా నడిపింది. ఆ బ్యాంకు 1702లో దివాలా తీసింది. తర్వాత 1757లో అగ్నిప్రమాదం జరిగి చర్చి కాలిపోతే లుయిజి వాన్విటెల్లి అనే పేరుమోసిన వాస్తుశిల్పి దాన్ని తిరిగి కట్టడం మొదలుపెట్టాడు, ఆయన కొడుకు పూర్తి చేశాడు. బ్యాంకు మూతపడినా, చర్చి కాలిపోయినా ఆగనిది ఒక్కటే. బయటి గోడలో ఉన్న ఒక చక్రం.

చక్రం అంటే బండి చక్రం అనుకోకండి. లోపల డొల్లగా ఉండే కొయ్య పీపాను ఊహించుకోండి. అది నిలువు ఇరుసు మీద తిరుగుతుంది. దానికి ఒకవైపే తెరిచిన భాగం ఉంటుంది. వీధిలో నిలబడిన మనిషి ఆ తెరిచిన వైపు శిశువును పెట్టి తిప్పితే తెరిచిన భాగం గోడ లోపలికి వెళుతుంది. గంట మోగుతుంది. లోపల రాత్రింబవళ్లు కాపలా ఉండే స్త్రీ వచ్చి బిడ్డను తీసుకుంటుంది. పెట్టిన మనిషి లోపలి మనిషికి కనిపించదు, లోపలి మనిషి పెట్టిన మనిషికి కనిపించదు. దాని నిర్మాణం అంతా ఆ ఒక్క ప్రయోజనం కోసమే. చక్రం రంధ్రం చిన్నది కాబట్టి నెలల శిశువులకే సరిపోయేది. ఇంకాస్త పెద్ద పిల్లలకు ఒంటికి నూనె రాసి మరీ అందులోకి దూర్చేవారని నేపుల్స్‌లో చెప్పుకుంటారు. ఇప్పుడు వెళ్లినా ఆ చక్రాన్ని చూడవచ్చు.

ఈ ఆలోచన నేపుల్స్‌లో పుట్టింది కాదు. రోమ్‌లో టైబర్ నది ఒడ్డున సాంతో స్పిరితో అనే పాత ఆసుపత్రి ఉంది. 12వ శతాబ్దం చివర్లో మూడో ఇన్నోసెంట్ పోప్‌గా ఉన్నప్పుడు, జాలరుల వలల్లో చేపలతో పాటు చనిపోయిన పసికందులు వచ్చేవారనీ, అది చూసి చలించి ఆయన ఆ ఆసుపత్రి పెట్టించాడనీ కథ. ఆ కథను ఆసుపత్రి గోడల మీద 15వ శతాబ్దంలో చిత్రాలుగా వేయించారు. కథలో ఎంత చరిత్ర ఉందో పక్కన పెట్టండి, అందులోని తర్కం మాత్రం ఆరు వందల ఏళ్లకు పైగా నడిచింది. బిడ్డను నదిలో వేయడం కన్నా గోడలో పెట్టడం మేలు. ఎవరు పెట్టారని అడిగితే పెట్టరు. కాబట్టి అడగకూడదు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిచేయాలి. ఇలాంటి పిల్లలను మనం తెలుగులో అనాథలు అనేస్తాం. వీళ్లు అనాథలు కారు. చాలామందికి తల్లి, తండ్రి ఇద్దరూ బతికే ఉన్నారు, తరచుగా అదే ఊళ్లో. పెళ్లి కాకుండా పుట్టిన వాళ్లు ఎక్కువమంది, నిజమే. కానీ పెళ్లయిన దంపతుల పిల్లలూ తక్కువేం కాదు. మిలాన్‌లో 19వ శతాబ్దంలో పనివాళ్ల కుటుంబాలు, ముఖ్యంగా ఆడవాళ్లు కూడా కూలికి పోవలసిన ఇళ్లవాళ్లు, పాలు మానేదాకా బిడ్డను చక్రంలో పెట్టి తర్వాత వచ్చి తీసుకెళ్లేవారు. దాన్ని మోసం అంటారా? సంస్థల పెద్దలు అలాగే అన్నారు. ఇంకో పన్నాగం కూడా ఉండేది. తల్లి బిడ్డను చక్రంలో పెడుతుంది, నాలుగు రోజులు ఆగి అదే సంస్థలో పాలదాయి పనికి వస్తుంది. తన బిడ్డకే పాలిస్తూ జీతం తీసుకోవచ్చని ఆశ. అది జరగకుండా సంస్థలు జాగ్రత్తలు తీసుకునేవి. తన బిడ్డకు తానే పాలివ్వడాన్ని నేరంగా చూసిన ఆ నిబంధన గురించి చదివినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చింది, తర్వాత ఎందుకు నవ్వానా అనిపించింది.

చక్రంలోంచి తీసిన బిడ్డను వెంటనే పుస్తకంలో రాసేవారు. తేదీ, గంట, వయసు అంచనా, ఒంటి మీద బట్టలు, పుట్టుమచ్చలు, కూడా ఏదైనా చీటీ ఉంటే దాని సంగతి. బాప్తిస్మం ఇచ్చేవారు. మెడలో మరియమ్మ బొమ్మ, అంకె ఉన్న సీసపు బిళ్ళ కట్టేవారు. పోయిన బిడ్డ బదులు ఇంకో బిడ్డను చూపించి పాలదాయి జీతం తీసుకోకుండా ఆ అంకె కాపలా. నేపుల్స్ జనం మాత్రం ఈ పిల్లలను 'మడోన్నా బిడ్డలు', అంటే మరియమ్మ బిడ్డలు అన్నారు. పల్లెల్లో పాలదాయిలకు అప్పగించి డబ్బిచ్చేవారు. బతికి పెద్దయిన ఆడపిల్లలు పెళ్లయ్యేదాకా సంస్థలోనే ఉండేవారు, సంస్థే కట్నం ఇచ్చి పెళ్లి చేసేది.

బతికితే. ఆ మాట తేలిగ్గా దాటేయకూడదు. 19వ శతాబ్దం మధ్యలో ఈ ఒక్క చక్రంలోకి ఏటా రెండు వేల దాకా పిల్లలు వచ్చేవారు. పాలదాయిలు చాలరు. ఒకే స్త్రీకి ఇద్దరు ముగ్గురు పిల్లలు. అంటురోగాలు. సగానికి పైగా పిల్లలు మొదటి పుట్టినరోజు చూడలేదు. నదిలో కన్నా గోడలో మేలన్న తర్కానికి ఎదురుగా ఈ లెక్క ఉంది. ప్రాణాలు కాపాడటానికి పెట్టిన ఏర్పాటు, వచ్చే పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ, మరణాలను వీధిలోంచి నాలుగు గోడల మధ్యకు మార్చే ఏర్పాటు అయింది. దాన్ని నడిపిన వాళ్లందరూ దుర్మార్గులని నేననను. కానీ ఆ చక్రాన్ని కరుణకు గుర్తుగా మాత్రమే చూపించే పర్యాటక పుస్తకాలతో నాకు పేచీ ఉంది.

ఇక ఇంటిపేరు. బతికిన పిల్లలకు ఏదో ఒక ఇంటిపేరు ఉండాలి కదా. గుమాస్తా రాసే మాట 'బయట పెట్టినవాడు'. మొదట్లో అది వివరం, క్రమంగా పేరైపోయింది. ఇక్కడ కర్ణుడు గుర్తుకు రాకుండా ఉండడు. అతన్ని కూడా పెట్టెలో పెట్టి నదిలో వదిలారు. కానీ పెంచిన తల్లి పేరు మీద రాధేయుడయ్యాడు. నేపుల్స్ పిల్లలకు పెంచిన తల్లి పేరు రాలేదు, వాళ్లను వదిలేసిన క్షణం పేరై అంటుకుంది. ఈ తేడా ముఖ్యం. పెంచినవాళ్ల పేరైతే ఒక ఇంటికి చేరుస్తుంది. ఈ పేరు మాత్రం ఎక్కడికి వెళ్లినా, పెళ్లి సంబంధం దగ్గరైనా, పని అడిగే చోటైనా, ముందే గుట్టు విప్పేస్తుంది.

ఈ అవమానం అప్పటి ప్రభుత్వాలకు తెలియనిది కాదు. స్పెయిన్‌లో నాలుగో చార్లెస్ రాజు 1794లోనే ఇలాంటి పిల్లలను చట్టం దృష్టిలో సక్రమ సంతానంగా చూడాలని, వాళ్లను జారపుత్రులని తిట్టినవాళ్లను శిక్షించాలని ఆజ్ఞ ఇచ్చాడు. నేపుల్స్‌ను 1808 నుంచి 1815 వరకు ఏలినవాడు జోకిమ్ మ్యూరా, నెపోలియన్ బావమరిది. ఆయన హయాంలోనే వదిలేసిన పిల్లలకు ఎస్పోసితో అని పెట్టడం నిషేధించారు. ఒక్కో బిడ్డకు ఒక్కో కొత్త ఇంటిపేరు అల్లాలి. గుమాస్తాల ఊహాశక్తికి పరీక్ష మొదలైంది. ఈ కల్పించిన పేర్లలో చాలావాటికి ఒక తరం గడిచేసరికి మూలం ఎవరికీ గుర్తులేదు, నిషేధం ఉద్దేశం కూడా అదే. అప్పటికే ఎస్పోసితో అయినవాళ్లు మాత్రం ఎస్పోసితోలుగానే ఉన్నారు. వాళ్లకు పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు. తలుపు మూసేసరికే వేల మంది లోపలికి వచ్చేసినట్టయింది.

ఫలితం చూడండి. వదిలేసిన బిడ్డ అని వేరుచేసి చూపించడానికి పుట్టిన పేరు ఇవాళ నేపుల్స్‌లో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు. అందరికీ ఉన్న గుర్తు ఎవరినీ వేరుచేయదు. ఏ కరుణా శాసనమూ చేయలేని పని సంఖ్య చేసింది. ఇవాళ నేపుల్స్‌లో ఎస్పోసితో అంటే ఎవరూ తలెత్తి కూడా చూడరు.

ఇంకో సంగతి. ఎస్పోసితోలు అందరూ ఒకే వంశం కారు. ఎంతమంది పిల్లలు చక్రంలోంచి బతికి పెద్దయ్యారో అన్ని వంశాలు. అమెరికాలో తాతల మూలాలు వెతికే అలవాటు బాగా ఉంది కదా. ఈ ఇంటిపేరువాళ్లు పత్రాలు వెతుక్కుంటూ వెనక్కి వెళ్లి వెళ్లి ఒకచోట ఆగిపోతారు. తండ్రి పేరు ఉండవలసిన చోట ఒక తేదీ, ఒక గంట, పొత్తిగుడ్డ వివరం ఉంటాయి. ఈ మాట మనసులో పెట్టుకుని ప్రసిద్ధుల దగ్గరికి రండి. వీళ్లలో ఎవరి పూర్వికుడైనా ఫలానా రోజున చక్రంలో దొరికాడని నేను చెప్పడం లేదు. పేరు పంచుకున్నవాళ్లు, అంతే.

మొదట మీరందరూ తిన్న పిజ్జా. రఫాయెలె ఎస్పోసితో నేపుల్స్‌లో పిజ్జాలు కాల్చి అమ్మేవాడు. 1889 జూన్‌లో ఇటలీ రాణి మార్గెరీత నేపుల్స్‌కు వచ్చినప్పుడు కాపోదిమోంతె రాజభవనానికి అతన్ని పిలిపించారనీ, మూడు రకాలు చేసి పెడితే టమాటా, మొజారెల్లా, తులసి జాతి ఆకు వేసిన రకం రాణికి నచ్చిందనీ, అతను దానికి ఆమె పేరు పెట్టాడనీ కథ. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. ఇటలీ జెండా రంగులు. కథ మరీ నున్నగా ఉందని మీకు అనిపిస్తే మీరు ఒంటరి కారు. 1889 జూన్ 11 తేదీతో రాణిగారి భోజన వ్యవహారాలు చూసే గల్లి అనే అధికారి రాసిన ఉత్తరం అని ఒకటి ఆ దుకాణంలో అద్దాల చట్రంలో పెట్టారు. అది అసలుది కాదని చరిత్రకారులు వాదించారు. ఆ మూడు దినుసులతో పిజ్జా అంతకు ముందే ఉన్నట్టు రాతలు కూడా ఉన్నాయి. నా మటుకు నాకు రాణి తిన్నదా లేదా అన్నదానికన్నా దుకాణం పేరే ఆసక్తి. ప్రపంచానికి మార్గెరీత పిజ్జా ఇచ్చినవాడిగా చెప్పుకునే ఎస్పోసితో దుకాణం ఇవాళ ఎస్పోసితో పేరుతో లేదు. అతని భార్య మరియా జొవాన్నా పుట్టింటి పేరు బ్రాండి. 1930లలో ఆమె వైపు మేనల్లుళ్లు నడిపేటప్పుడు దానికి బ్రాండి అని పేరు మార్చారు. పిజ్జాకేమో రాణి పేరు, దుకాణానికేమో అత్తవారి పేరు. (నవ్వులు)

నేపుల్స్ అఖాతం ఒడ్డునే కాస్తెల్లామ్మరె ది స్తాబియా అనే ఓడరేవు పట్నం ఉంది. 1855లో అక్కడ మికేలె ఎస్పోసితో పుట్టాడు. నేపుల్స్ సంగీత కళాశాలలో పియానో నేర్చుకున్నాడు, పారిస్‌లో కొన్నేళ్లున్నాడు, 1882లో డబ్లిన్ వెళ్లి ఐరిష్ సంగీత అకాడమీలో పియానో ఆచార్యుడయ్యాడు. అక్కడే దాదాపు జీవితమంతా గడిపాడు. 1899లో డబ్లిన్‌లో ఒక వాద్యబృంద సంఘాన్ని నిలబెట్టాడు. ఐర్లండ్ పురాణ స్త్రీ డీర్‌డ్రె కథకు సంగీతం కూర్చాడు. భార్య రష్యన్. కూతురు వేరా డబ్లిన్ రంగస్థలం మీద నటి. కొడుకు మారియో మధ్యయుగాల ఐర్లండ్ లాటిన్ రచనల మీద పరిశోధన చేసిన పండితుడు. ఒక ఇటాలియన్, ఒక రష్యన్ కలిసి కాపురం పెడితే వాళ్ల పిల్లలు ఐర్లండ్ సాంస్కృతిక పునరుజ్జీవనంలో భాగమయ్యారు. చివరి రోజుల్లో ఇటలీ తిరిగి వెళ్లి 1929లో ఫ్లోరెన్స్‌లో కన్నుమూశాడు. ఈ జాబితాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి ఈయనే. మన దగ్గర ఈయన పేరు విన్నవాళ్లు చాలా తక్కువ.

అదే కాస్తెల్లామ్మరె నుంచి ఇప్పుడు ముగ్గురు అన్నదమ్ములు, సాల్వతోరె, సెబాస్తియానో, ఫ్రాంచెస్కో పియో, ఫుట్‌బాల్‌లో పేరు తెచ్చుకున్నారు. ఫుట్‌బాల్ చూసే కుర్రవాళ్లు ఇక్కడ ఉంటే నాకన్నా బాగా చెబుతారు.

అన్నదమ్ములంటే అసలు చెప్పుకోవలసింది కెనడా వాళ్లను. ఒంటారియోలో సూ సెంట్ మేరీ అనే ఉక్కు కర్మాగారం ఊరు. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో 1942లో ఫిల్, 1943లో టోనీ పుట్టారు. ఇద్దరూ ఐస్ హాకీ ఆటగాళ్లు. ఫిల్ గోల్స్ కొట్టేవాడు, టోనీ గోల్స్ ఆపేవాడు. చిన్నప్పుడు ఇంట్లో ఎవరు ఏ పని చేసేవారో వేరే చెప్పక్కర్లేదు. 1968లో టోనీ మోంట్రియల్ తరఫున పెద్ద లీగులో మొదటిసారి ఆట మొదటి నుంచీ గోల్ ముందు నిలబడ్డాడు. ఎదుటి జట్టు బోస్టన్. ఆట 2-2తో సమమైంది. బోస్టన్ రెండు గోల్సూ కొట్టింది అన్నగారే. తమ్ముడి తొలి ఆట అని ఏమీ మొహమాటపడలేదు. మరుసటి సీజనులో షికాగో జట్టుకు మారిన టోనీ ఎదుటి జట్టుకు ఒక్క గోల్ కూడా ఇవ్వని ఆటలు 15 ఆడి అన్న లెక్క కొంత తీర్చేశాడు. ఫిల్ ఒక సీజనులో వంద పాయింట్లు దాటిన మొదటి ఆటగాడు. 1970-71లో 76 గోల్స్ కొట్టాడు. ఆ లెక్కను పదకొండేళ్ల తర్వాత వేన్ గ్రెట్స్కీ దాటాడు.

1972లో కెనడా, సోవియట్ యూనియన్ మధ్య ఎనిమిది ఆటల పోటీ జరిగింది. మంచు మీద ఆట ప్రచ్ఛన్నయుద్ధంగా మారిన సందర్భం. వాంకూవర్‌లో సొంత జట్టు ఓడిపోతే జనం ఎగతాళి చేశారు. ఆట అవ్వగానే చెమటలు కారుతూ ఫిల్ టెలివిజన్ కెమెరా ముందు దేశాన్ని ఉద్దేశించి మాట్లాడాడు. మేం చేయగలిగినదంతా చేస్తున్నాం, ఇలా చేయడం ఏం బాగుందని నిలదీశాడు. మాస్కోకు వెళ్లి వాళ్లు పోటీ గెలిచారు. కెనడాలో ఆ మాటలు ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. టోనీ 2021లో చనిపోయాడు.

మీలో కుర్రవాళ్లకు ఎస్పోసితో అనగానే గుర్తొచ్చేది నటుడు జియాన్‌కార్లో అయ్యుంటాడు. వేయించిన కోడి అమ్ముతూ మత్తుమందు వ్యాపారం చేసే పెద్దమనిషి పాత్ర, టెలివిజన్‌లో. అలాంటి పాత్రలకు సాధారణంగా అరుపులు, కళ్లెర్రచేయడాలు ఉంటాయి. ఈయన గొంతు పెంచడు, టై సర్దుకుంటాడు. భయం దానంతట అదే పుడుతుంది. ఈయన తండ్రి నేపుల్స్‌వాడు, రంగస్థలం వెనక పనిచేసినవాడు. తల్లి అలబామాకు చెందిన నల్లజాతి గాయని, ఒపేరా పాడేది. ఆయన 1958లో పుట్టింది కోపెన్‌హేగన్‌లో. 1989లో స్పైక్ లీ తీసిన ఒక సినిమాలో ఈయన బ్రూక్లిన్ కుర్రాడిగా ఒక ఇటాలియన్ పిజ్జా దుకాణానికి వెళ్లి, గోడ మీద అన్నీ ఇటాలియన్ల ఫోటోలేనా, నల్లవాళ్లవి ఎందుకు లేవని గొడవ పెట్టుకుంటాడు. పిజ్జా దుకాణంతో పోట్లాడటానికి దర్శకుడికి దొరికిన నటుడి ఇంటిపేరు ఎస్పోసితో!

మిగతావాళ్లను త్వరగా చెప్పేస్తాను. బ్రూక్లిన్‌లో 1940లో పుట్టిన జాన్ ఎస్పోసితో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఇస్లాం అధ్యయనాలకు పేరుపడ్డ ఆచార్యుడు. నేపుల్స్ ప్రాంతానికే చెందిన రొబెర్తో ఎస్పోసితో తత్వవేత్త. సమాజం అంటే ఏమిటి, మనవాళ్లనే గిరి గీసినప్పుడు బయట మిగిలేది ఎవరు అన్న ప్రశ్న ఆయన ప్రధాన విషయం. ఇంటిపేరే అతన్ని ఆ ప్రశ్నకు నడిపించిందని నేనంటే అది అతితెలివి అవుతుంది కాబట్టి అనను. అర్జెంటీనాలో లాలి ఎస్పోసితో గాయని. 2022 ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్‌కు ముందు అర్జెంటీనా జాతీయగీతం పాడింది ఆమే. మెస్సీ కోసం టీవీ పెట్టినవాళ్లందరూ ఆ ఇంటిపేరును తెలియకుండానే చూశారు.

ఒక శ్రోత చీటీ పంపారు. ఇలాంటి పేరు నేపుల్స్‌కే పరిమితమా అని. కాదు. బొలోన్యాలో 'దెల్యి ఎస్పోస్తి'. రోమ్‌లో 'ప్రొయెత్తి', అంటే విసిరేసినవాళ్లు. దీనికన్నా ఎస్పోసితోనే నయం. సిసిలీలో 'త్రొవాతో', దొరికినవాడు. ఇది మాత్రం ఎత్తుకున్నవాళ్ల వైపు నుంచి పెట్టిన పేరులా వినిపిస్తుంది. మిలాన్‌లో పెద్దాసుపత్రి చిహ్నం పావురం కాబట్టి అక్కడి పిల్లలు చాలామంది 'కొలొంబో' అయ్యారు. 1825 దాకా ఇది నడిచింది. క్రిస్టఫర్ కొలంబస్‌ను మాత్రం ఇందులోకి లాగకండి, ఆయన జెనోవావాడు, ఈ ఆసుపత్రి పేరుతో సంబంధం లేదు.

ఫ్లోరెన్స్ కథ వేరు. అక్కడ పట్టు వర్తకుల సంఘం ఖర్చు పెట్టి బ్రునెలెస్కి చేత 1419 నుంచి ఒక శిశు ఆశ్రమం కట్టించింది. పేరు ఇన్నొచెంతి, అమాయకులు. 1445 ఫిబ్రవరి 5న మొదటి బిడ్డ వచ్చింది. ఆ రోజు సెయింట్ అగాతా పండుగ కాబట్టి ఆడబిడ్డకు అగాతా అని పెట్టారు. తల్లులు నాణేన్నో, పతకాన్నో రెండు ముక్కలు చేసి ఒక ముక్క బిడ్డ మెడలో కట్టి, రెండోది తమ దగ్గర ఉంచుకునేవారు, ఎప్పటికైనా వచ్చి ఆనవాలు చూపించి తీసుకెళ్లడానికి. ఎవరూ రాని సగం ముక్కలు ఇప్పుడు అక్కడి ప్రదర్శనశాలలో ఉన్నాయి. ఆ సంస్థ పేరు నుంచి వచ్చిన ఇంటిపేర్లే ఇన్నొచెంతి, నొచెంతీని.

ఇన్నొచెంతి పేరు మన రోడ్ల మీద కూడా తిరిగింది. టస్కనీలో పేష్యా అనే ఊళ్లో 1891లో పుట్టిన ఫెర్దినాందో ఇన్నొచెంతి ఉక్కు గొట్టాల వ్యాపారి. యుద్ధం అయ్యాక 1947లో మిలాన్‌లో లాంబ్రెట్టా స్కూటర్ తయారుచేశాడు. మన దేశంలో మొదట బొంబాయిలో అది తయారైంది. 1972లో ఇన్నొచెంతి కంపెనీ నుంచి యంత్రాలన్నీ కొని లక్నోలో స్కూటర్స్ ఇండియా అని ప్రభుత్వ సంస్థ పెట్టారు. అందులోంచి వచ్చిందే విజయ్ సూపర్. ఈ సభలో జుట్టు నెరిసినవాళ్లలో కనీసం సగంమంది దాన్ని పక్కకు వంచి స్టార్ట్ చేసి ఉంటారు. (నవ్వులు)

చక్రాలు ఏమయ్యాయి? ఫెరారా నగరం 1867లో మొదట మూసేసింది. మరుసటి ఏడు మిలాన్. 1875లో ఫ్లోరెన్స్, నేపుల్స్. నేపుల్స్ చక్రం ఆఖరి రోజు 1875 జూన్ 27. ఆ తర్వాత కూడా పిల్లలను తీసుకునేవారు, కానీ బల్ల దగ్గర మనిషి కూర్చుని ప్రశ్నలు అడిగేవాడు. 1923లో దేశమంతటా చక్రాలను రద్దు చేశారు. ఇవాళ ఇటలీలో తల్లి పేరు చెప్పకుండా ఆసుపత్రిలో ప్రసవించే హక్కు ఉంది. తల్లిదండ్రులు ఎవరో తెలియని శిశువుకు ఎలాంటి పేరు పెట్టకూడదో 2000 సంవత్సరపు నిబంధనల్లో స్పష్టంగా రాశారు. పుట్టుక ఎలాంటిదో తెలిసేలా పేరు ఉండకూడదు. చరిత్రలో ప్రసిద్ధమైన ఇంటిపేరో, ఆ ఊళ్లో బాగా పేరున్న కుటుంబం ఇంటిపేరో పెట్టకూడదు. నేపుల్స్ పుర కార్యాలయంలో గుమాస్తాకు ఈ నిబంధన ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ఎస్పోసితో అన్నది పుట్టుక చెప్పే పేరా, లేక ఊళ్లో ప్రతి వీధిలోనూ ఉన్న మామూలు పేరా? పదకోశం చూస్తే మొదటిది, టెలిఫోను పుస్తకం చూస్తే రెండోది. నన్నడిగితే టెలిఫోను పుస్తకమే చెల్లాలి, కానీ నన్నెవరూ అడగరు.

చివరగా ఒక కొత్త సంగతి. ఇటలీలో బిడ్డకు తండ్రి ఇంటిపేరు దానంతట అదే వచ్చే పద్ధతి ఉండేది. 2022లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదని చెప్పింది. తల్లిదండ్రులు ఒక్క పేరు చాలని అంగీకరించుకుంటే తప్ప ఇద్దరి పేర్లూ బిడ్డకు రావాలి, ఏది ముందు ఉండాలో వాళ్లే తేల్చుకోవాలి. అంటే నేపుల్స్‌లో ఇప్పుడు ఎస్పోసితో ఇంటి ఆడపడుచు తన ఇంటిపేరును తన బిడ్డకు ఇవ్వగలదు. చక్రం ఉన్న రోజుల్లో ఈ పేరు వచ్చిన బిడ్డకు తల్లి పేరు ఏ పుస్తకంలోనూ ఉండేది కాదు.

ఇంకా రెండు చీటీలు వచ్చాయి. ఒకటి పిజ్జా గురించే. ముందు దానికి జవాబు చెబుతాను.